పొగగొట్టాల కుర్రవాడు

సైకిలు అంటే మన మార్కాపురం, కంభం, గిద్దలూరు విచారణల్లో పెద్దవారికి జ్ఞాపకం వచ్చేది ఉపదేశిగారే. ఊరూరా తిరిగి జపాలు చెప్పించడానికి ఆయనకున్న వాహనం అదొక్కటే. అదే సైకిలు తొక్కి పొట్టపోసుకున్న ఒక మనిషి కథ ఈ వారం చెబుతాను. ఆయన పునీతుడు కాడని ముందే మనవి.

మోరిస్ గారిన్ 1871 మార్చి 3న ఇటలీలోని ఆల్ప్స్ కొండల్లో, ఆర్వియే అనే పల్లెలో పుట్టాడు. తొమ్మిదిమంది పిల్లలున్న పేద కుటుంబం. 1885లో బ్రతుకుతెరువుకు ఫ్రాన్సు చేరుకున్నారు. చలిదేశాల ఇళ్లలో పొగగొట్టాల మసి గీకడం ఆనాడు పిల్లల పని. పెద్దల ఒళ్లు ఆ గొట్టాల్లో పట్టదు గదా! గారిన్ చేసిన పని అదే. పేరు వచ్చాక కూడా జనం ఆ పొట్టివాణ్ణి పొగగొట్టాల కుర్రవాడనే పిలిచారు.

1897, 1898 సంవత్సరాల్లో పారిస్–రూబే పందెం గెలిచాడు. 1903లో హెన్రీ డెగ్రాంజ్ అనే ఆయన తన క్రీడా పత్రిక అమ్మకాలు పెంచుకోవడానికి ఫ్రాన్సు చుట్టూ పందెం పెట్టాడు. (పత్రిక నడిపేవారి అవస్థలు మనకు తెలియనివా!) అదే మొదటి టూర్ డి ఫ్రాన్స్. మొత్తం 2,428 కిలోమీటర్లు. మొదటి అంచె ఒక్కటే 467 కిలోమీటర్లు. అంటే మార్కాపురం నుండి హైదరాబాదు వెళ్లి, సగం దారి తిరిగి వచ్చినంత. రాత్రంతా తొక్కాలి, సైకిలు చెడితే తానే బాగుచేసుకోవాలి. బయలుదేరిన 60 మందిలో 21 మందే చివరిదాకా నిలిచారు. గారిన్ దాదాపు మూడు గంటల తేడాతో గెలిచి, 6,075 ఫ్రాంకులు అందుకున్నాడు.

మరుసటి ఏడు కథ అడ్డం తిరిగింది. సాన్తెతియెన్ దగ్గర రాత్రివేళ, తమ ఊరివాడు గెలవాలని జనం దారికాచి మిగతావారిని కొట్టారు. గారిన్ చేతికి దెబ్బ తగిలింది. అయినా మొదటి స్థానం ఆయనదే. కానీ ఆ పందెంలో కొందరు రైళ్లూ కార్లూ ఎక్కారని ఫిర్యాదులు వచ్చాయి. విచారణ జరిపి, ఏడాది చివర మొదటి నలుగురినీ తొలగించారు. అందులో మూడోవాడు గారిన్ తమ్ముడు సెజార్. బహుమానం ఐదోవాడైన హెన్రీ కోర్నే అనే పందొమ్మిదేళ్ల కుర్రవానికి దక్కింది. గారిన్‌పై రెండేళ్ల నిషేధం.

తాను నిర్దోషినని ఆయన అప్పుడు వాదించాడు. ముసలితనంలో మాత్రం రైలెక్కిన సంగతి నవ్వుతూ ఒప్పుకునేవాడని, చిన్ననాడు ఆయనను ఎరిగిన ఒకరు తర్వాత చెప్పారు. ఆ నవ్వు దగ్గరే నా మనసు ఆగిపోతుంది. పాపసంకీర్తనపు పీటలో కూర్చునే మాకు తెలుసు, ఒప్పుకోలు వేరు, మనస్తాపం వేరు. అయితే, పసితనం మసిలో గడిపి, గెలుపు ఒక్కటే అన్నం పెట్టిన వానిపై రాయి వేయడానికి నా చేయి లేవదు.

1911లో, నలభయ్యో ఏట, పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెంలో మళ్లీ దిగి పదోవాడిగా వచ్చాడు. తర్వాత లాన్స్ పట్టణంలో పెట్రోలు బంకు నడుపుకున్నాడు. అక్కడే 1957 ఫిబ్రవరి 19న కన్నుమూశాడు. ఆ ఊరి సైకిలు పందేల మైదానానికి ఆయన పేరే పెట్టారు.