పారిసు పిచ్చుక

ఫ్రాన్సు రాజధానియగు పారిసు నగరమున, బెల్విల్ అను పేదల పేటలో, 1915వ సంవత్సరము డిసెంబరు 19వ తేదీన ఎడిత్ గాసియోన్ జన్మించెను. తండ్రి లూయీ వీథులలో పిల్లిమొగ్గలు వేసి, సాము చూపి పొట్ట పోసికొనువాడు. తల్లి వీథిగాయని. ఆమె బిడ్డను విడిచిపోగా, నార్మండీలోని నాయనమ్మ ఆ పసిదానిని పెంచెను.

కొంత యెదిగిన పిమ్మట తండ్రి ఎడిత్‌ను వెంటబెట్టుకొని ఊరూర తిరుగసాగెను. అతడు సాము చేయుచుండ, ఆ బాలిక పాడి చిల్లర పోగుచేయుచుండెను. తరువాత ఆమె తండ్రిని వీడి, పారిసు వీథులలో తానే పాడుకొని జీవించెను. 1933లో కలిగిన కుమార్తె రెండేండ్లకే వ్యాధిచే మరణించెను. అంతటి దుఃఖమునందును పాటయే ఆమెకు కూడు పెట్టినది.

1935లో లూయీ లెప్లే అను విలాసశాల యజమాని వీథిలో ఆమె గానము విని ఆశ్చర్యపడెను. అయిదడుగులైన లేని ఆ బక్కపలుచని పిల్ల గొంతులో అంత బలమెట్లు దాగెనో! అతడామెకు పియాఫ్ అని పేరు పెట్టెను. ఫ్రెంచివారి వాడుకలో ఆ మాటకు పిచ్చుక యని యర్థము. కాని మరుసటి యేడే లెప్లే హత్య చేయబడెను. పోలీసులు ఆమెను ప్రశ్నించి విడిచిపెట్టిరి. అయినను అపవాదు ఆమెను వదలలేదు. కొందరు సభలలో ఎగతాళి చేసిరి. ఆమె వెనుదీయక, రేమాఁ అస్సో అను గీతకర్త యొద్ద శ్రద్ధతో శిక్షణ పొంది, 1937లో ఏబీసీ రంగశాలలో జనుల మన్ననలను గెలిచెను.

యుద్ధానంతరము ఆమె కీర్తి అమెరికాకు ప్రాకెను. 1949 అక్టోబరులో, ఆమెకు ప్రాణప్రియుడైన ముష్టియుద్ధవీరుడు మార్సెల్ సెర్దాఁ విమానప్రమాదమున మరణించెను. న్యూయార్కులో ఆ వార్త విన్న రాత్రియు ఆమె వేదిక నెక్కి పాడెను. 1951లో జరిగిన కారు ప్రమాదముల వలని బాధకు వాడిన మత్తుమందు అలవాటై, ఆమె దేహమును కృశింపజేసెను.

పారిసులోని ఒలింపియా రంగశాల అప్పులపాలై మూతపడబోవుచుండెను. రోగపీడితయైనను పియాఫ్ 1960 చివరినుండి అచ్చట కొన్ని వారములు పాడి, దానిని నిలబెట్టెను.

1963 అక్టోబరు 10వ తేదీన, నలువదియేడవ యేట, ఆమె కన్ను మూసెను. పేర్ లాషేజ్ శ్మశానమునకు వేలకొలది జనులు ఆమె వెంట నడచిరి. చిల్లరకై పాడిన వీథులే నేడామెకు కన్నీటితో వీడ్కోలు పలికెను.