పాడిన దీపం

విద్యుత్ శాస్త్రజ్ఞుల్లో ఎంతో పేరున్న విలియం డడ్డెల్ 1872లో జన్మించాడు. లండనులోని సెంట్రల్ టెక్నికల్ కాలేజీలో ప్రొఫెసర్ అయర్టన్ దగ్గర చదువుకున్నాడు. వీధుల్లో కార్బన్ ఆర్క్ దీపాలు వెలుగుతున్న రోజులవి. రెండు బొగ్గు కడ్డీల మధ్య కరెంటు మంటలా నిలబడి వెలుగిస్తుంది. మన సినిమా హాళ్ళలో ప్రొజెక్టర్లు కూడా ఒకప్పుడు ఆ కడ్డీలతోనే నడిచాయి. షిప్‌యార్డులో వెల్డింగు చిటపటలు విన్నవారికి ఆ జాతి చప్పుడు తెలుసు.

ఈ దీపాలకు ఒక జబ్బుండేది. ఊరికే ఉండవు, బుసకొడతాయి, మూలుగుతాయి. కడ్డీ కొన గుంటకు ఆక్సిజన్ తగలడమే బుసకు కారణమని అయర్టన్ గారి భార్య హెర్తా 1899లో ఇంజనీర్ల సభలో పత్రం చదివి నిరూపించారు. ఆ సభలో అంతకుముందు ఏ స్త్రీ పత్రం చదవలేదు.

మా నాన్న పంపుసెట్టు మోటారు గుయ్యిమంటే చాలు, ఒక ఫేజు పోయిందని గట్టు మీంచే చెప్పేస్తాడు. రొద అంటే రోగలక్షణం, అంతే. డడ్డెల్ మాత్రం ఆ రొదను తనకు కావలసిన శ్రుతిలో పలికించవచ్చునా అని ఆలోచించాడు. ఆర్క్‌లో ఒక తమాషా ఉంది: కరెంటు పెరిగితే వోల్టేజి తగ్గుతుంది. దానికి సమాంతరంగా ఒక తీగచుట్ట, ఒక కండెన్సరు కలిపాడు. కరెంటు ఊగిసలాడి దీపం స్పష్టమైన స్వరం పలికింది. కండెన్సరు మారిస్తే స్వరం మారుతుంది. అలా మెట్లపలక అమర్చి, 1900 డిసెంబరులో అదే సభలో దీపం చేత పాటలు పాడించాడు. అదే లైను మీదున్న వేరేచోటి దీపాలు కూడా అందుకున్నాయట! లౌడ్‌స్పీకరు లేని విద్యుత్ సంగీతం అది.

వాద్యంగా అది నిలబడలేదు. కడ్డీలు అరిగిపోయే దీపంతో కచేరీ ఎవరు చేస్తారు? కానీ 1902, 1903ల్లో డెన్మార్కు దేశస్థుడు పోల్సెన్ అదే ఆర్క్‌ను హైడ్రోజన్‌లో, అయస్కాంతాల నడుమ వెలిగించి రేడియో తరంగాల స్థాయికి ఎక్కించాడు. వైర్‌లెస్ ప్రపంచంలో పోల్సెన్ ఆర్క్ అన్న పేరే స్థిరపడింది. విత్తనం ఒకరిది, గాదె ఇంకొకరిది. రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి గనుక ఇక్కడ నాకు కొంచెం ఉక్రోషం వస్తుంది. అయినా హైడ్రోజన్ ఆలోచన పోల్సెన్‌దే, కాదనలేం.

డడ్డెల్‌కు గౌరవాలు తక్కువ కాలేదు. వేగంగా మారే కరెంటును చూపే ఆసిలోగ్రాఫును అంతకుముందే, 1897లో తయారుచేశాడు. 1907లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు, 1912లో ఆ ఇంజనీర్ల సంస్థకే అధ్యక్షుడయ్యాడు. 1917లో, 45 ఏళ్ళకే కన్నుమూశాడు. అప్పటికి పోల్సెన్ ఆర్క్‌లు నడిసముద్రంలో ఓడల మీద వార్తలు పంపుతున్నాయి.