దుర్గాబాయమ్మ పంపిన డబ్బులు

మా అమ్మకి నాకంటే ముందు ఒక మగపిల్లాడు పుట్టాడు. ఎనిమిదో రోజున దవడలు బిగుసుకుపోయి, పాలు పట్టించడానికి కూడా నోరు తెరుచుకోక పోయాడు. బొడ్డు కోసింది కొడవలితో. అది 1955. ఆ మంత్రసానిని మా వాళ్లు ఒక్క మాట కూడా అనలేదట. ఊళ్లో అందర్నీ పుట్టించింది ఆవిడే, ఆ కొడవలితోనే. పోయినవాడి రాత అలా ఉంది అనుకున్నారు.

నాలుగేళ్ల తర్వాత నేను పుట్టాను. ఈసారి కత్తెరా, దారమూ సలసల మరిగే నీళ్లలో వేసి, మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కున్న నర్సమ్మ వచ్చి పురుడు పోసింది. పాత మంత్రసాని పక్కనే కూర్చుని చూసి నేర్చుకుంది. ఆ నర్సమ్మని మా మెట్ట ఊరికి ఎవరు పంపారో అమ్మకి చాలాకాలం తెలీదు. గవర్నమెంటు అనుకుంది. అదీ అబద్ధం కాదు. కానీ గవర్నమెంటు చేత ఆ పని చేయించిన మనిషి మా ఊరికి దగ్గర్లోనే, రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్.

దుర్గాబాయి అంటే మనకి స్కూలు పుస్తకాల్లో ఒకటే కథ చెప్తారు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని సాక్షాత్తూ నెహ్రూనే ఆపేసిన పద్నాలుగేళ్ల పిల్ల. టికెట్టు కొన్నాకే లోపలికి వదిలింది. కథ బాగుంటుంది గానీ అక్కడితో ఆపేస్తాం. అదే పిల్ల పెద్దదై కోట్ల రూపాయల ప్రజల సొమ్ముకి గేటు దగ్గర నిలబడిందని ఎవరూ చెప్పరు.

ఆవిడ 1909 జులై 15న పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి వద్దనుకున్నారు, తండ్రి కూడా ఆవిడ వైపే నిలబడ్డారు. ఆ రోజుల్లో అదెంత మాటో మీరే ఆలోచించండి. ఇంగ్లీషు చదువు మానేసి హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకి హిందీ పాఠశాల పెట్టారు. 1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహానికి వెళ్లి జైలు పాలయ్యారు. మొత్తం మూడుసార్లు జైలు. మధుర జైల్లో ఒంటరి కొట్లో పెట్టారు. వెల్లూరు జైల్లో మాత్రం, తమ కేసేమిటో, కోర్టులో ఎవరేమన్నారో కూడా తెలీకుండా శిక్ష పడిన ఆడవాళ్లని చూశారు. లా చదవాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. బయటికొచ్చాక ప్రైవేటుగా మెట్రిక్కు కట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో బి.ఏ. చేసి, 1942 నాటికి మద్రాసులో లా పూర్తిచేశారు.

ఈలోగా 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. ముందు చిన్న పిల్లలకి పాఠాలు, ఆటపాటలు. తర్వాత చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకి మెట్రిక్కు చదువు. ఆ తర్వాత కుట్టుపని, ఆసుపత్రి, నర్సుల శిక్షణ. చందాల కోసం ఇల్లిల్లూ తిరగడం ఎలా ఉంటుందో ఆవిడకి అక్కడే తెలిసింది. గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడేవాళ్లు ఎలా ఉంటారో మహిళా మండలి నడిపిన ఏ ఆడదాన్ని అడిగినా చెప్తుంది.

రాజ్యాంగ సభలో ఆవిడ సభ్యురాలు. అక్కడి అధ్యక్షుల ప్యానెల్లో ఉన్న ఏకైక మహిళ. 1952 ఎన్నికల్లో మాత్రం ఓడిపోయారు. ఓడినావిడని నెహ్రూ ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. గేటు దగ్గర ఆపిన సంగతి ఆయనకి గుర్తుందో లేదో గానీ, మంచి పనే చేశారు. అప్పుడు ఆర్థిక మంత్రిగా ఉన్న సి.డి. దేశ్‌ముఖ్‌తో 1953 జనవరిలో పెళ్లయింది. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టారు. మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయి.

బోర్డు చేతిలో పెట్టింది మొదటి పంచవర్ష ప్రణాళికలో కేటాయించిన 4 కోట్ల రూపాయలు. దేశం మొత్తానికి! అప్పటికి మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో సుమారు 146 మంది ఏడాది నిండకుండానే పోతున్నారు. ఆ డబ్బుతో పెద్ద ఆసుపత్రులు కట్టాలనుకుంటే నాలుగు ఊళ్లకి కూడా సరిపోదు. ఆవిడ ఎంచుకున్న దారి వేరు. ఎక్కడికక్కడ ఆడవాళ్లూ పిల్లల కోసం పనిచేస్తున్న చిన్న చిన్న సంఘాలకి చిన్న చిన్న గ్రాంట్లు. ప్రసూతి కేంద్రానికి సామాన్లు, అనాథ పిల్లల ఇంటికి ఒక టీచరు, ఇలా. ఊరికే ఇవ్వరు. సంఘం తన వాటా తను వెయ్యాలి, లెక్కలు చూపించాలి.

తీరా చూస్తే గ్రాంటు అడగడానికి సంఘాలున్నవి పట్నాల్లోనే. పల్లెల్లో అడిగేవాళ్లే లేరు. అందుకని 1954 నుంచి వెల్ఫేర్ ఎక్స్‌టెన్షన్ ప్రాజెక్టులు తెచ్చారు. ఒక్కోదానికి దాదాపు 25 ఊళ్లు. గ్రామసేవిక, మంత్రసానులకి తర్ఫీదిచ్చే నర్సమ్మ, బాలవాడీ, రాత్రిపూట ఆడవాళ్లకి అక్షరాలు, కుట్టుపని. ఖర్చులో కొంత బోర్డుది, కొంత రాష్ట్రానిది, కొంత ఊరిది. మా నర్సమ్మ వచ్చింది అలాగే.

తర్వాత 1960ల్లో ఈ కేంద్రాలని మహిళా మండళ్లకి అప్పగించారు. మా ఊళ్లో బాలవాడీ అమ్మ చేతికొచ్చింది. ఇక్కడే నాకు దుర్గాబాయమ్మతో చిన్న తగాదా ఉంది. ఊరి వాటా అన్న నియమం వినడానికి బాగుంటుంది. ఊరికేది ఉచితంగా వస్తే దాన్ని తమదనుకోరన్నది ఆవిడ లెక్క. కానీ వానలు లేని ఏడాది మా మెట్టలో ఇంటికి మానికెడు జొన్నలు కూడా రాలేదు. వాటా కట్టకపోతే గ్రాంటు రాదు, గ్రాంటు రాకపోతే బాలవాడీ మూత. అమ్మ నాన్నకి చెప్పకుండా తన నాను తాకట్టు పెట్టింది. బీద ఊరికి బాలవాడీ ఎక్కువ కావాలి, ఆ ఊరే వాటా కట్టలేదు. ఈ చిక్కుముడి ఆవిడకి కనిపించలేదంటే నేను నమ్మను. చేతిలో ఉన్న డబ్బు అంతే మరి.

మళ్లీ ఆ నియమమే లేకపోతే మా ఊళ్లో ఆడవాళ్లు ప్రతి శనివారం కూర్చుని లెక్కలు చూసుకునేవారా? సంతకం రాని అత్తలు నోటు పుస్తకంలో అంకెలు పట్టుకోవడం ఆ అరుగు మీదే నేర్చారు. గ్రాంటు విడత ఆలస్యమైతే, ఏ ఆఫీసని చెప్పను గానీ, బస్సెక్కి వెళ్లి గుమాస్తా ఎదురుగా బైఠాయించడమూ అక్కడే నేర్చారు.

1958లో ఆవిడ స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకి అధ్యక్షురాలయ్యారు. అదే ఏడాది పెద్దవయసు ఆడవాళ్లని తక్కువ కాలంలో పరీక్షలకి తయారుచేసే కోర్సులకి బోర్డు గ్రాంట్లు మొదలయ్యాయి. నర్సు ట్రైనింగుకి చదువు చాలని ఆడవాళ్లకి అది దారి చూపింది. మా పిన్ని అలా చదివే మెట్రిక్కు పాసై నర్సు అయింది. 1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1981 మే 9న కన్నుమూశారు. ఆ కబురు రేడియోలో విని అమ్మ ఆ సాయంత్రం పొయ్యి వెలిగించలేదు.

2022లో కేంద్రం ఆ బోర్డుని మూసేసింది. పేపర్లో చదివి అమ్మకి చెప్పాను. అప్పటికి ఎనభై ఏడేళ్లు, వినికిడి తగ్గింది. రెండుసార్లు చెప్పించుకుని, లేచి ట్రంకు పెట్టెలోంచి అట్ట ఊడిన నోటు పుస్తకం తీసింది. మనకి రావలసిన 1973 రెండో విడత నూట పాతిక రూపాయలు ఇంకెవరు ఇస్తారని అడిగింది.