విక్రాంత్‌ను దాచిన అడ్మిరల్



డిసెంబర్ 4 భారత నౌకాదళ దినోత్సవం. 1971 యుద్ధంలో ఆ రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవుపై చేసిన దాడికి గుర్తుగా ఏటా ఈ రోజును జరుపుకుంటాం. మీ పిల్లలు స్కూల్ అసెంబ్లీలో ఈ సంగతి వినే ఉంటారు. కానీ అంతకు కొన్ని గంటల ముందే, మూడో తేదీ ముగిసి నాలుగో తేదీ మొదలైన అర్ధరాత్రి, మన విశాఖపట్నం ముందున్న సముద్రంలో ఇంకో పెద్ద సంఘటన జరిగింది. దాని వెనుక ఉన్న మనిషి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్. ఈ నెల ఆయన గురించి మీకు చెప్పాలనుకున్నాం.

గొల్లపల్లికి సముద్రం చాలా దూరం. అయినా సెలవుల్లో పిల్లల్ని తీసుకుని విశాఖ వెళ్లినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లి చూసి, అక్కడి యుద్ధ స్మారకం దగ్గర ఫోటో దిగి ఉంటారు. 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమా కూడా చూసే ఉంటారు. సినిమాలో రెండు సబ్‌మెరైన్లు నీటి అడుగున తలపడతాయి. మన నౌకాదళం చెప్పే అసలు కథ అది కాదు. అందులో బలం కన్నా బుద్ధి ఎక్కువ పనిచేసింది.

కృష్ణన్ 1919లో నాగర్‌కోయిల్‌లో పుట్టారు. బొంబాయిలోని ‘డఫరిన్’ శిక్షణ నౌకలో చదువుకుని, బ్రిటిష్ పాలన కాలంలో రాయల్ ఇండియన్ నేవీలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో, పర్షియన్ గల్ఫ్‌లో జరిగిన పోరులో చూపిన ధైర్యానికి ఆయనకు డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ పతకం వచ్చింది. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు. ఈరోజు మన జగిత్యాల ప్రాంతం నుంచి వేలమంది అన్నదమ్ములు బతుకుదెరువుకు వెళ్తున్నది ఆ గల్ఫ్ తీరానికే.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన మెట్టుమెట్టుగా ఎదిగారు. మన మొదటి విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్‌కు కొంతకాలం కెప్టెన్‌గా ఉన్నారు. 1971 యుద్ధం నాటికి విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళ కమాండ్ మొత్తానికి ఆయనే అధిపతి. విక్రాంత్ ఇప్పుడు ఆయన కింద ఉంది. కానీ దాని బాయిలర్లలో ఒకటి పగులు పట్టింది. ఓడ పూర్తి వేగంతో నడిచే స్థితిలో లేదు. నెమ్మదిగా వెళ్లే అంత పెద్ద ఓడ శత్రు సబ్‌మెరైన్‌కు తేలిగ్గా చిక్కుతుంది. అలాగని దాన్ని ఇంటి దగ్గర కూర్చోబెడితే తూర్పు పాకిస్తాన్ రేవులను దిగ్బంధించే పని జరగదు.

పాకిస్తాన్‌కు ఈ సంగతి తెలుసు. అందుకే నవంబర్ నెల మధ్యలో తన ‘ఘాజీ’ సబ్‌మెరైన్‌ను కరాచీ నుంచి పంపింది. అది అమెరికా నుంచి తెచ్చుకున్నది. అంత దూరం వచ్చి బంగాళాఖాతంలో పనిచేయగల సబ్‌మెరైన్ వాళ్ల దగ్గర అదొక్కటే. విక్రాంత్‌ను వెతికి ముంచడం, విశాఖ రేవు ముందు మందుపాతరలు వేయడం దాని పని.

ఘాజీ వస్తున్నట్టు కృష్ణన్‌కు ఎలా తెలిసిందో చూడండి. చిట్టగాంగ్‌లోని పాకిస్తాన్ నౌకాదళ అధికారులకు వచ్చిన ఒక వైర్‌లెస్ సందేశం మనవాళ్ల చెవిన పడింది. అందులో ఒక రకం ఇంజిన్ ఆయిల్ గురించి వాకబు ఉంది. పైకి చూస్తే అది స్టోర్ రూమ్ వ్యవహారం. కానీ ఆ రకం ఆయిల్ వాడేది సబ్‌మెరైన్లు, మందుపాతరలు ఏరే ఓడలు మాత్రమే. దాన్ని బట్టి సబ్‌మెరైన్ ఒకటి ఇటువైపు వస్తోందని కృష్ణన్ లెక్కకట్టారు.

ఆ తర్వాత ఆయన విక్రాంత్‌ను అండమాన్ దీవుల్లో ఎవరి కంటా పడని చోట దాచారు. ఆ చోటికి ‘పోర్ట్ ఎక్స్‌రే’ అని రహస్య పేరు పెట్టారు. ఇక మిగిలింది ఆ ఓడ విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మేలా చేయడం. విశాఖ కాంట్రాక్టర్లకు పెద్ద మొత్తంలో మాంసం, కూరగాయలు ఆర్డర్ ఇప్పించారు. రేవులో నౌకాదళమంతా ఉంటే తప్ప అంత సరుకు అవసరం పడదు. ఊళ్లో గూఢచారులుంటే ఆ మాట చేరాల్సిన చోటికి చేరుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత డిస్ట్రాయర్ ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌ను సముద్రంలోకి పంపి, పెద్ద ఓడ నుంచి వెళ్లినట్టుగా ఎడతెరిపి లేకుండా వైర్‌లెస్ సందేశాలు పంపించారు.

వాటన్నిటిలో ఒక సందేశం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. విక్రాంత్‌లో పనిచేసే ఒక నావికుడు, జబ్బుతో ఉన్న తల్లి ఎలా ఉందో కనుక్కుంటున్నట్టు అందరికీ వినబడేలా ఒక సందేశం పంపించారు. మన ఊళ్లలో ఈ మాట బరువు వివరించనక్కర్లేదు. దూర దేశంలో ఉన్న కొడుకు అమ్మ ఆరోగ్యం అడిగితే అందులో మోసం ఉందని ఎవరు అనుకుంటారు?

ఇక్కడిదాకా ఇది తెలివితేటల కథ. ఇక్కడి నుంచే అసలు పరీక్ష మొదలైంది. విక్రాంత్ వేషంలో తిరిగే రాజ్‌పుత్ నిజానికి ఎర. ఎర వేసినవాడు ఒడ్డున ఆఫీసులో ఉంటాడు, ప్రాణం మీదికి వచ్చేది ఓడలో ఉన్నవాళ్లకు. కృష్ణన్ ఈ సంగతిని దాచి ఉత్త హుకుం జారీ చేయలేదు. రాజ్‌పుత్ కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్‌ను స్వయంగా పిలిపించుకున్నారు. శత్రు సబ్‌మెరైన్ ఇటువైపే ఉందని తాను నమ్ముతున్న సంగతి, ప్రమాదం ఎంత, రేవు దాటగానే ఏం చేయాలి అన్నీ విడమరచి చెప్పారు. రేవుకు దారి చూపే దీపాలను ఆర్పేయించారు.

డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పశ్చిమ విమానాశ్రయాలపై బాంబులు వేశాయి. యుద్ధం మొదలైంది. ఇంధనం నింపుకున్న రాజ్‌పుత్ ఆ అర్ధరాత్రి వేళ చీకట్లో రేవు నుంచి బయలుదేరింది. దారి చూపడానికి వచ్చిన పైలట్‌ను దించేసి, ఇందర్ సింగ్ వేగం పెంచారు. నీళ్లలో అనుమానాస్పదమైన కదలిక కనిపించగానే లోతులో పేలే డెప్త్ చార్జ్ బాంబులు వదిలారు. కాసేపటికి సముద్రంలో భారీ పేలుడు జరిగింది. ఆ అదురు విశాఖలో చాలామందికి తెలిసింది.

తెల్లవారాక వేటకు వెళ్లిన మత్స్యకారులకు నీళ్లపై తేలుతున్న చమురు, శిథిలాలు కనిపించాయి. నౌకాదళ గజ ఈతగాళ్లు దిగి చూస్తే అడుగున ఉన్నది ఘాజీ. రాజ్‌పుత్ బాంబుల వల్లే అది మునిగిందని మన నౌకాదళం అంటుంది. లోపల జరిగిన పేలుడో, అది వేసిన మందుపాతరలో కారణమని పాకిస్తాన్ అంటుంది. ఈ వాదన నేటికీ ఉంది. ఏ కారణమైనా, విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన ఘాజీ, విక్రాంత్ లేని చోట మునిగింది. అందులో ఉన్న 90 మందికి పైగా నావికులూ చనిపోయారు. వాళ్లకూ ఇంటి దగ్గర తల్లులు ఉన్నారన్నది పిల్లలకు చెప్పవలసిన మాటే.

అండమాన్ నుంచి కదిలిన విక్రాంత్ నుంచి డిసెంబర్ 4నే విమానాలు లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లపై దాడి చేశాయి. తూర్పు పాకిస్తాన్‌కు సముద్రపు దారి మూసుకుపోయింది. డిసెంబర్ 16న ఢాకాలో పాక్ సేన లొంగిపోయింది. జనరల్ నియాజీ సంతకం పెడుతున్న ఆ ప్రసిద్ధ ఫోటోను మీ పిల్లల పుస్తకాల్లో చూస్తే, వెనుక నిలబడ్డవారిలో కృష్ణన్ కూడా ఉన్నారని చూపించండి.

ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. పదవీ విరమణ తర్వాత కొచ్చిన్ షిప్‌యార్డ్‌కు అధిపతిగా పనిచేశారు. 1982లో కన్నుమూశారు. ఆ షిప్‌యార్డ్‌లోనే తయారైన కొత్త విక్రాంత్ 2022లో నౌకాదళంలో చేరింది.

తల్లిదండ్రులుగా మనమూ పిల్లల తరఫున పెద్ద నిర్ణయాలు తీసుకుంటాం. హాస్టల్‌లో వేయాలా, పదో తరగతి తర్వాత ఏ గ్రూపు, ఏ ఊళ్లో కోచింగ్ అన్నీ మనమే తేలుస్తాం. ఫీజు కట్టేది మనమే అయినా, ఇల్లు విడిచి వెళ్లేదీ, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని చదివేదీ వాళ్లు. వాళ్లను ఎందుకు పంపుతున్నామో, అక్కడ ఏం కష్టం ఉంటుందో ముందే కూర్చోబెట్టి చెప్పామా? ఒక అడ్మిరల్ యుద్ధం ముంచుకొచ్చిన వేళ తనకన్నా చిన్న అధికారికి ఆ గౌరవం ఇచ్చారు. ఈ నెల పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చే ముందు ఒక సాయంత్రం టీవీ కట్టేసి పిల్లలతో ఆ మాట మాట్లాడండి. వాళ్లు అడిగే ప్రశ్నలు కూడా మీటింగ్‌కు తీసుకురండి.