ఒంగోలు కొండమీది అయిదుగురు

పఠనము: లూకా 13:6–9



అంజూరపు చెట్టును గూర్చిన ఉపమానము మనలో చాలమందికి తెలిసినదే. తోట యజమానుడు మూడేండ్లు వరుసగా వచ్చి వెదకెను. కాయ దొరకలేదు. చెట్టును కొట్టివేయుమని చెప్పెను. ఆయన కోరినది అన్యాయమని మనము అనజాలము. కాపు రాని చెట్టు చేనిలో ఎంత చోటు తినునో, దాని నీడను పైరు ఎట్లు గిడసబారునో మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినను తోటమాలి మరియొక యేటి గడువు అడిగెను. ఆ గడువును ఆయన ఊరక అడుగలేదు. చుట్టును త్రవ్వెదననియు, ఎరువు వేసెదననియు ఆ భారమును తన నెత్తిన వేసికొనెను. ఈ భాగముపై బోధించునప్పుడు మనము తరచుగా చెట్టును గూర్చియే మాటలాడి ముగింతుము. ఈ మాసము తోటమాలిని గూర్చి ధ్యానింపవలెనని మాకు తోచినది. తెలుగుదేశమునకు అట్టి తోటమాలి ఒకరు దొరికిరి. ఆయనే లైమన్ జూయెట్ దొరగారు.

ఆయన కథ ఇప్పుడు ఎందుకు జ్ఞాపకమునకు వచ్చెనో ముందే చెప్పుట న్యాయము. మన పల్లెల నుండి యౌవనస్థులు అనేకులు ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలలో పనికి పోయి, అక్కడనే అద్దె గదులలో కాపురముండుట మీరెరుగుదురు. వారి కొరకు శుక్రవారపు రాత్రులు నాచారములో ఒక గదిలో ప్రార్థన కూడిక జరుగుచున్నది. మొదట గది చాలక కొందరు మెట్లమీద కూర్చుండిరి. తరువాత షిఫ్టులు మారినవారు కొందరు, బోడుప్పల్ వైపు ఇల్లు మార్చుకొన్నవారు కొందరు, ఏ కారణమును లేక మానినవారు కొందరు. ఇప్పుడు అయిదుగురు మిగిలిరి. గడచిన కమిటీ కూడికలో దానిని ఆపివేయుదమని మొట్టమొదట నోరు తెరచి అన్నవారము మేమే. రాత్రి పదకొండు గంటలకు ఉప్పల్ రింగురోడ్డు దగ్గర వరంగల్ బస్సు కొరకు నిలువబడినప్పుడు మేము ఆ లెక్క వేసికొంటిమి. బస్సు చార్జీ ఇంత, ప్రయాణము ఇన్ని గంటలు, వచ్చువారు అయిదుగురు. లెక్కలో తప్పు లేదు. కాని ఆ కూడికకు తప్పక వచ్చు పెద్దామె ఒకరు కోతపండుగ వరకైనను ఆగుమని మమ్మును బతిమాలుకొనిరి. చాప తానే తెచ్చెదననియు, గది తానే ఊడ్చెదననియు చెప్పిరి. ఆ రాత్రి ఇల్లు చేరిన తరువాత అయిదుగురు అను సంఖ్య మమ్మును విడువలేదు.

జూయెట్ దొరగారు 1813లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రములో పుట్టిరి. బ్రౌన్ విశ్వవిద్యాలయములోను, న్యూటన్ వేదాంత పాఠశాలలోను చదివిరి. ఆయన బయలుదేరునాటికే తెలుగు మిషను కొట్టివేయదగిన చెట్టువలె ఉండెను. సామ్యూల్ డే దొరగారు 1836లో మన దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడి పనిచేసిరి. వారి ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలవలసి వచ్చెను. 1848లో అమెరికా బాప్టిస్టు మిషను పెద్దలు ఈ పనిని మానుదమా అని మొదటిసారి ఆలోచించిరి. మానలేదు. డే దొరగారితో కూడ జూయెట్ దొరగారిని, ఆయన భార్యయైన యుఫీమియా అమ్మగారిని పంపిరి. వారు 1849లో నెల్లూరు చేరిరి. జూయెట్ దొరగారు ఏడాది తిరుగకమునుపే తెలుగులో బోధింప మొదలుపెట్టిరి. భాషపై ఆయనకుండిన ప్రేమ చివరివరకు తగ్గలేదు. తెలుగు క్రొత్త నిబంధనను సవరించు పనిలో తరువాతి కాలమున చాల శ్రమపడిరి.

నాలుగేండ్లు గడచెను. డే దొరగారు మరల జబ్బుపడి 1853లో వెడలిపోయిరి. ఆయనను అవిశ్వాసి యని ఎవరును తలంపరాదు. ఒంట్లో శక్తి యున్నంతవరకు దున్నినవాడే ఆయన. అదే యేడు అమెరికాలోని ఆల్బనీ పట్టణములో మిషను వార్షిక సభ కూడగా, తెలుగు మిషనును మూసివేయు ప్రశ్న రెండవసారి వచ్చెను. బర్మాలో వేలకొలది కరెనులు ప్రభువును అంగీకరించుచున్నారు గదా, నెల్లూరునకు వ్యయపరచు ధనమును, మనుష్యులను అక్కడికే పంపరాదా అని వాదము. ఈ వాదము చేసినవారిని మేము నిందింపము. బీద విధవరాండ్రు కానుకపెట్టెలో వేసిన కాసులకు వారు లెక్క చెప్పవలసియుండెను. అయితే అదే బర్మాలో జడ్సన్ దొరగారు మొదటి విశ్వాసి కొరకు ఆరేండ్లు కనిపెట్టవలసి వచ్చెనను సంగతిని వారు మరచిరేమో యనిపించును. పంట చేతికి వచ్చిన తరువాత, విత్తనము వేసి వాన కొరకు ఎదురుచూచిన దినములు ఎవరికి జ్ఞాపకముండును?

ఆ సభలో ఒకరు గోడమీది పటములో నెల్లూరును చూపి, అది ఒంటరి నక్షత్రమని అనిరి. ఎస్. ఎఫ్. స్మిత్ అను పాస్టరుగారు ఆ మాట పట్టుకొని రాత్రికి రాత్రి ఒక గీతము వ్రాసిరి. అమెరికావారు తమ దేశమును గూర్చి పాడుకొను ప్రసిద్ధ గీతమును వ్రాసినవారు వీరే. మరునాడు దానిని సభలో చదువగా వినినవారు కన్నీరు కార్చిరి. మిషను నిలిచెను. నాటినుండి దానికి ఒంటరి నక్షత్రమను పేరు నిలిచిపోయెను.

కాని కన్నీరు కార్చినవారు ఆల్బనీలో నుండిరి. నెల్లూరులో జూయెట్ దంపతులు, వారితో కూడ కొద్దిమంది తెలుగు విశ్వాసులు మాత్రమే యుండిరి. ఆ సంవత్సరాంతమున వారు ఉత్తరముగా డెబ్బదియైదు మైళ్ల దూరములోనున్న ఒంగోలు వైపు సువార్త పర్యటనకు పోయిరి. ఒంగోలులో ఆదరణకంటె ఎగతాళియే ఎక్కువగా లభించెను. 1854 జనవరి 1వ తేదీ ఆదివారము. తెల్లవారకమునుపే అయిదుగురు లేచి, ఊరిని ఆనుకొనియున్న కొండ ఎక్కిరి. వారెవరనగా జూయెట్ దొరగారు, యుఫీమియా అమ్మగారు, నరసు అను తెలుగు సహోదరుడు, జూలియా, రూతు అను తెలుగు స్త్రీలు. కొండ పైభాగమున యెషయా 52వ అధ్యాయములోని మాటలు చదువుకొని, ఒకరి తరువాత ఒకరు ప్రార్థించిరి. ఒంగోలునకు ఒక సేవకుని పంపుమనునదే ఆ ప్రార్థన. తూర్పున ప్రొద్దు పొడుచుచుండెను. క్రింద ఊరు ఇంకను నిద్రలో నుండెను. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ యని పిలుచుచున్నారు.

ఈ కథను బోధకులు చెప్పునప్పుడు దొరగారి పేరు చెప్పుదురు, అమ్మగారి పేరు చెప్పుదురు, మిగిలినవారిని మరికొందరని ఒక్క మాటలో దాటివేయుదురు. ఇది మాకు నచ్చదు. అయిదుగురిలో ముగ్గురు మనవారు. దొరగారి వెనుక ఎంత దూరములోనున్నను ఒక సభ, ఒక దేశము ఉండెను. నరసునకు, జూలియాకు, రూతునకు ఉన్నది నెల్లూరులోని ఆ చిన్న సంఘము మాత్రమే. మిషను మూతపడినయెడల దొరగారు ఓడ ఎక్కగలరు. వారు ఏ ఓడ ఎక్కుదురు?

ఆ ప్రార్థనకు జవాబు ఆ యేడు రాలేదు. మరుసటి యేడును రాలేదు. 1855లో డగ్లస్ దొరగారు సహాయమునకు వచ్చిరి గాని ఒంగోలునకు కాదు, నెల్లూరునకే. ఇట్లు ఎనిమిదేండ్లు గడచెను. జూయెట్ దొరగారి దేహము పదమూడేండ్ల యెండకు నలిగిపోయెను. 1862లో ఆయన అమెరికాకు మరలిరి. అప్పుడు ఆ దేశములో అంతర్యుద్ధము జరుగుచుండెను. మిషను ఖజానాలో ధనము తక్కువ. తెలుగు మిషనును మూసివేయవలెనను ప్రశ్న మూడవసారి వచ్చెను. ఈసారి దాదాపు అందరును సిద్ధపడిరి. జూయెట్ దొరగారు వచ్చువరకు ఆగుదమని మాత్రము నిలిపిరి.

ఆయన వచ్చి చెప్పినది ఇంతే: మిషను పంపినను పంపకున్నను తాను తిరిగి పోవుదుననియు, ఒంటరిగానైనను తెలుగువారి మధ్య జీవించి అక్కడనే చచ్చెదననియు చెప్పిరి. నలుబదితొమ్మిదేండ్ల జబ్బు మనిషి చెప్పిన మాట అది. ఆ మాట విని మిషను కార్యదర్శిగారు, అట్లయిన మిమ్మును పాతిపెట్టుటకైనను తోడు ఒకనిని పంపవలసినదే యనిరట. ఇది హాస్యమో, విసుగో మేము నిర్ణయింపలేము. కాని అట్లు తోడుగా పంపబడినవాడే జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు. అప్పటికి ఆయనకు ఇరువదియెనిమిదేండ్లు. 1864 నవంబరులో బోస్టనులో ఓడ ఎక్కి, 1865 ఏప్రిలులో ఇద్దరును నెల్లూరు చేరిరి.

ఇక్కడనుండి కథ మీరందరు వినినదే. 1866లో తాళ్లకొండపాడునకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య, తోలుపని చేసి జీవించు మాదిగ సహోదరుడు, రక్షకుని వెదకుచు ఒంగోలునకు వచ్చెను. ఆయనకు బాప్తిస్మమిచ్చినవారు జూయెట్ దొరగారే. ఆ యేటనే క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండసాగిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము స్థాపింపబడెను. కొండమీద ప్రార్థించిన దినమునకు సరిగా పదమూడేండ్లు. పేరయ్యగారు పల్లెపల్లెకు తిరిగి తన జనులకు చెప్పిరి. 1876 మొదలుకొని గొప్ప కరవు వచ్చినప్పుడు క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగము కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించిరి. అన్నము కొరకు మతములో చేరిరను మాట రాకుండునట్లు, ఆ కాలములో బాప్తిస్మములు నిలిపివేసిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు, 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి.

ఈ సంఖ్య మన బోధపీఠములమీద చాలసార్లు వినబడును. మేమును చెప్పియున్నాము, ఉత్సాహముతో చెప్పియున్నాము. ఎనిమిదిమందిని గూర్చి అంత ఉత్సాహముతో చెప్పినట్లు జ్ఞాపకము లేదు.

మరియొక సంగతి గమనింపుడి. ఒంగోలు పంటను కోసినవారు జూయెట్ దొరగారు కారు. ఆ గొప్ప కూర్పు జరిగిన 1878లోనే ఆయన మద్రాసుకు వెళ్లి అక్కడి తెలుగువారి మధ్య క్రొత్తగా పని ప్రారంభించిరి. అరువదియైదేండ్ల వయసులో మరల ఆరంభము నుండి! ఒంగోలు తన ప్రార్థనకు ఫలమని అక్కడ కూర్చుండి పెద్దరికము చేయలేదు. తెలుగు నేలమీదనే చచ్చెదనని చెప్పిన మాటయు అక్షరాల నెరవేరలేదు. వృద్ధాప్యమున అమెరికాకు మరలవలసి వచ్చెను. 1897లో అక్కడనే ప్రభువునందు నిద్రించిరి. పాతిపెట్టుటకు పంపబడిన క్లౌ దొరగారు ఆయన పోయిననాటికిని తెలుగువారి మధ్య పని చేయుచునే యుండిరి.

ఆ మిషను పని తరువాత నిజాం రాజ్యములోనికిని వచ్చెను. 1879లో హనుమకొండలోను, 1890లో నల్లగొండలోను స్థానములు ఏర్పడెను. ఉప్పల్ నుండి పోవు వరంగల్ బాటకు ఆ కొసన హనుమకొండ యున్నది. మన సంఘములలో ఆ వైపునుండి వచ్చిన కుటుంబములు ఎన్ని యున్నవో మీకే తెలియును. వారి తాతముత్తాతలకు సువార్త చేరిన బాటలలో కొన్ని వెనుకకు వెనుకకు పోయి ఆ కొండ దగ్గరకే చేరును.

ఇదంతయు తలచుకొనిన తరువాత మాకు సిగ్గు కలిగిన సంగతి ఒకటి చెప్పవలెను. నాచారము కూడికను ఆపుదమని మేము అన్నాము గాని, రాకుండ పోయినవారి గదులకు ఒక్కసారియైనను పోయి అడుగలేదు. చెట్టు కాయలేదని లెక్క చెప్పితిమి, పార పట్టుకొనలేదు. ఆ పెద్దామె అడిగిన గడువునకు కమిటీ ఒప్పుకొన్న తరువాత, రెండు దినములు ఆ వీధులలో తిరిగితిమి. మానినవారిలో ముగ్గురికి కూడిక మొదలగు వేళకు పని విడువరు. ఆ సంగతి వారు మాకు చెప్పలేదు, మేము అడుగలేదు. ఒకడు తలుపు తీసి, పలుకరించి, లోనికి రమ్మనలేదు. మరియొకడు టీ ఇచ్చి, తన తండ్రి సమాధిని గూర్చి చాలసేపు మాటలాడెను, కూడికకు వచ్చెదనని మాత్రము అనలేదు.

కూడికను ఎనిమిది గంటలనుండి తొమ్మిదిన్నరకు మార్చితిమి. ఆ వేళకు ముగిసిన తరువాత పల్లెకు బస్సు ఉండదు గనుక, శుక్రవారపు రాత్రి మేము అక్కడనే పరుండి తెల్లవారి వచ్చుటకు ఏర్పాటు చేసికొంటిమి. గడచిన శుక్రవారము నలుగురే వచ్చిరి. పెద్దామెకు జ్వరము. చాప ఆమె ఇంటనే ఉండిపోయినందున పాత దుప్పటి ఒకటి పరచుకొని కూర్చుంటిమి.