రెండు వేళ్ల విద్వాంసుడు

జాంగో రైన్‌హార్ట్ 1910 జనవరి 23న బెల్జియం దేశమందలి లిబెర్షీ గ్రామంలో, సంచారజీవులైన రోమానీ కుటుంబంలో జన్మించినాడు. 1928లో ఇల్లుగా వాడుకొనే బండి అగ్నికి ఆహుతి కాగా, ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు ముడుచుకుపోయినవి. గిటారు తీగలను అదిమి స్వరం నిలిపే చేయి అదే. అయినను అతడు వాద్యమును విడువలేదు. మిగిలిన రెండు వేళ్లకే కొత్త నడక నేర్పినాడు. వేళ్లను తీగలకు అడ్డంగా సాచుటకు బదులు, చేతినే తీగ పొడవునా పరుగెత్తించి ద్రుతగతిలో స్వరములల్లినాడు. వంగిన వేళ్లు అనేక స్వరములను ఒక్కసారి మీటునపుడు మాత్రమే తోడ్పడినవి.

1934లో పారిస్ నగరమున వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రపెల్లితో కలిసి, కేవలం తంత్రీవాద్యములతో ఐదుగురి బృందం నెలకొల్పినాడు. తాళమునకు తోడుగా నిలిచే గిటారు అందులో ముందు నడచినది. 1953 మే 16న జాంగో కన్నుమూసినాడు. నాలుగు వేళ్లూ చక్కగా కదలే విద్యార్థులు నేటికీ ఆ రెండు వేళ్ల ద్రుతస్వరములను సాధన చేయుచున్నారు.