సిద్ధయ్య కన్నీరు

బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి పసులు కాసిన కుర్రవాడే, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాసిన పోతులూరి వీరబ్రహ్మంగారు. తర్వాత కందిమల్లాయపల్లె చేరి, గోవిందమ్మను పెళ్లాడి, సంసారిగానే ఉంటూ కులమతాలు చూడక బోధించినారు. దూదేకుల సిద్ధయ్య ఆయనకు ప్రియశిష్యుడు.

1693 వైశాఖ శుద్ధ దశమినాడు జీవసమాధి అయినారని చెబుతారు. ఆవేళ సిద్ధయ్యను పూలకని బనగానపల్లెకు పంపినారట. తిరిగొచ్చేసరికి గురువు లేరు. అతడు తల బాదుకొని ఏడిస్తే, స్వామి సమాధిలోంచి పలికి దండమూ పాదుకలూ ఇచ్చినారని కథ.

మా పల్లెలో బ్రహ్మంగారి నాటకం ఆడితే ఈ ఘట్టం కోసమే అవ్వలు తెల్లవార్లూ కూచుంటారు. చావింట రాత్రి పాడేదీ ఆయన తత్వాలే. తాత పోయిన రాత్రి మా నాయన తాళాలు నా చేతికిచ్చినాడు. అంతదాకా ఏడవడానికి సిగ్గుపడినవాణ్ణి, పాడుతూ ఏడ్చినాను. సైన్సు విద్యార్థిగా జోస్యాల సంగతి నేను తేల్చలేను. సిద్ధయ్య దుఃఖం మాత్రం నాకు తెలుసు.